చీటీ కట్టని లాండ్రీ

ఆ లాండ్రీలో బట్టలకు చీటీ కట్టరు. మిగతా లాండ్రీలవాళ్ళు కాలరుకో బొత్తం కన్నానికో నంబరు చీటీ పిన్నీసుతో గుచ్చి, అదే నంబరున్న ముక్క మన చేతిలో పెట్టి పంపిస్తారు. ఇక్కడ అలాంటి మర్యాదలేమీ లేవు. కౌంటరు వెనక నిలబడ్డ ఆవిడ బట్ట వంకా మన మొహం వంకా ఒక్కసారి చూస్తుంది, అంతే. నెల తర్వాత వెళ్ళినా, నోరు విప్పేలోపే మన చొక్కా మన ముందు పడుతుంది. దాంతోపాటు ఒక విసురు కూడా.

"ఈసారైనా జేబులో పెన్ను తీసి ఇవ్వండి. ఇంట్లో అద్దం లేకపోయినా మొహానికి కళ్ళున్నాయిగా!"

అందరూ ఆవిడని లాండ్రీ అత్త అంటారు. నిజానికి ఆవిడ అత్త అయింది ఒక్క పిల్లకే, తమ్ముడి కూతురికి. ఆ పిల్ల పొద్దస్తమానం "అత్తా, అత్తా" అని అరుస్తుంటే విని వీధి వీధంతా అదే వరస కలిపేసింది. వరస కలిపారు గానీ చనువు మాత్రం ఎవరూ తీసుకోలేదు. కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. ఈవిడ కోపానికి అంత పైకెక్కే ఓపిక లేక నాలుక మీదే కాపురం పెట్టింది.

ఆవిడ గర్వమంతా తన జ్ఞాపకశక్తి. ఏ కోటు లోపలి గుడ్డ చిరిగిందో, ఏ పంతులమ్మ దుప్పటి మీద సిరా మరక ఏ మూల ఉందో, ఎవరు ప్యాంటు నడుం ఏటేటా ఎంత వదులు చేయించుకుంటున్నారో అన్నీ నోటికే. "చీటీలు బుర్రలేనివాళ్ళకి. తలలో లేనిది పిన్నీసుకి గుచ్చితే వస్తుందా?" అని పక్కవీధి లాండ్రీవాణ్ణి వినబడేటట్టే ఆడిపోసుకునేది.

అలాంటి మనిషి ఇంట్లో పెరుగుతున్నది, చెప్పిన మాట చెప్పిన చోటే మరిచిపోయే పిల్ల.

ఆ పిల్లని అత్త తూనీగ అని పిలిచేది. ఒకచోట వాలదు కాబట్టి. పదకొండేళ్ళు వచ్చినా ఎనిమిదేళ్ళదానిలా కనిపించేది. పై పెదవి సన్నగా గీత గీసినట్టుండేది, ముక్కుకీ పెదవికీ మధ్య అందరికీ ఉండే గాడి ఆ పిల్లకి దాదాపు లేదు. "వాళ్ళమ్మ పోలిక" అని అత్త మూతి తిప్పేది. మొహంలో నచ్చనిదేదైనా ఉంటే అది తల్లి పోలిక, నచ్చింది ఉంటే తమ్ముడి పోలిక. ఆ పంపకం ఎప్పుడో అయిపోయింది.

పిల్ల మంచిది. అడక్కుండానే ముసలివాళ్ళ మూట మోసేది. కానీ మేజోళ్ళు తెమ్మని మేడ మీదికి పంపితే కిటికీ దగ్గరే ఉండిపోయేది. రెండు పనులు ఒకేసారి చెబితే రెండోది గాల్లో కలిసిపోయేది. ఎక్కాలు రాత్రి గడగడా అప్పజెప్పి, పొద్దున్నే కొత్తగా విన్నట్టు మొహం పెట్టేది. అత్తకి ఒళ్ళు మండేది అక్కడే. అసలు రాకపోతే రాదనుకోవచ్చు. రాత్రి వచ్చింది పొద్దునకెందుకు రాదు? పొగరు కాకపోతే!

"మొక్కై వంగనిది మానై వంగునా?" అని అత్త ఆ మొక్కని వంచడం మొదలుపెట్టింది. మరిచిపోయిన ప్రతిదానికీ ఒక శిక్ష. గోడకేసి నిలబెట్టడం, ఆట మాన్పించడం, వీపు మీద ఒకటి వెయ్యడం. శిక్ష ఎందుకు పడిందో కూడా పిల్ల మరిచిపోయి, గోడ వైపు తిరిగి నిలబడే పాట పాడుకునేది. దానికి ఇంకో శిక్ష.

పోనీ తల్లి లేదా అంటే, ఉంది. తమ్ముడు పెయింటరు. తాగి పరంజా ఎక్కి, దిగకుండానే పోయాడు. మొగుడు పోయాక మరదలు సీసా పట్టుకుని మంచం దిగకపోతే, అత్త వెళ్ళి పిల్లని ఎత్తుకొచ్చేసింది. తప్పని ఎవరం అనగలం? తర్వాత ఆ మరదలు ఆస్పత్రిలో ఉండి తాగుడు మానేసింది. బేకరీలో రొట్టెలు ప్యాక్ చేసే పనిలో చేరి, వేరే గది తీసుకుంది. ఆదివారం ఆదివారం పిల్లని చూడ్డానికి వచ్చేది. అత్త ఆవిణ్ణి కౌంటరుకి ఇవతల, గిరాకీలు నిలబడే చోటే నిలబెట్టేది.

"పిల్లని నాకిచ్చెయ్ వదినా. ఇప్పుడు బాగానే ఉన్నాను."

"ఉతికిన గుడ్డకి మరక పోవచ్చేమో గానీ, నీకు పోదు. చూశావుగా, ఇక నడు."

ఒకసారి మరదలు అట్టముక్కల దండ ఒకటి తెచ్చింది. ఒక్కో ముక్క మీద ఒక్కో బొమ్మ: పళ్ళు తోముకునే బ్రష్షు, దువ్వెన, సంచీ, బూట్లు. పొద్దున లేచాక ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ పోతే పిల్ల ఏదీ మరిచిపోదని చెప్పబోయింది. తనకి మందు మాన్పించినచోట తన రోజుని కూడా ఇలాగే ముక్కలు చేసి గోడకి తగిలించారట. అత్త చివరిదాకా విన్లేదు.

"నా కొట్లో చీటీలా? అదీ నువ్వు నేర్పుతావా, నాకు?"

ఆ దండ ఆవిరి బాయిలరు కింద మంటలోకి పోయింది. మరదలు చూస్తూ నిలబడింది. పిల్ల మాత్రం, "భలే మండుతోంది అత్తా!" అని చప్పట్లు కొట్టింది.

నల్లకోటు గొడవ ఆ తర్వాతే వచ్చింది. హోటలు మేనేజరొకాయన, తాటిచెట్టంత పొడుగు మనిషి, నల్లకోటు ఉతకడానికి ఇచ్చాడు. సాయంత్రం ఏదో పెద్ద విందుంది, అది లేకుండా కుదరదన్నాడు. అత్త బ్యాంకు పని మీద వెళ్తూ కోటు కౌంటరు మీద పెట్టి పిల్లకి చెప్పింది.

"పొడుగాయన వస్తాడు. ఆయనకే ఇవ్వు. ఇంకెవరికీ ఇవ్వకు. ఏం చెప్పాను?"

"పొడుగాయనకే ఇవ్వాలి."

తిరిగొచ్చేసరికి పొడుగాయన ఉన్నాడు, కోటు లేదు.

"ఏదే కోటు?"

తూనీగ తడుముకోలేదు. "పోలీసాయన వచ్చి పట్టుకెళ్ళాడు. టోపీ పెట్టుకున్నాడు. పాపం, వానలో తడిసిపోయాడు అత్తా."

బయట ఎండ మాడ్చేస్తోంది. అత్త చెయ్యి లేచింది. చెంప ఛెళ్ళుమన్న చప్పుడుకి వీధిలో నడిచేవాళ్ళు ఆగి చూశారు. పిల్ల ఇస్త్రీ బల్లకి కొట్టుకుని కింద పడింది. ఏడవలేదు. ఎందుకు కొట్టారో ఎవరైనా చెబుతారేమోనని అందరి మొహాలూ చూసింది.

కోటు దొరికింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. నలగకుండా ఉంటుందని పిల్లే దాన్ని వెనకగదిలో స్కూలు బట్టల మధ్య తగిలించి, తగిలించిన సంగతి మరిచిపోయింది.

"పోనీలెండి, దొరికిందిగా" అన్నాడు పొడుగాయన, పిల్ల చెంప వంక చూడలేక.

"పోనీలే అనుకుంటేనే పిల్లలు పాడైపోయేది" అంది అత్త. "మరుపు పోనీ అనొచ్చు. ఇంత పచ్చి అబద్ధమా! టోపీ అట, వాన అట!"

మర్నాడు ఆ చెంప చూసి స్కూలు పంతులమ్మ అత్తని పిలిపించింది. కసురుతుందని అత్త నాలుక నూరుకునే వెళ్ళింది. ఆవిడ కసరలేదు. పిల్లకి బుర్ర లేక కాదనీ, వేరే ఏదో ఉందనీ, పిల్లల మెదడు చూసే డాక్టరుకి చూపించమనీ, వీలైతే తల్లిని కూడా తీసుకెళ్ళమనీ చెప్పింది.

తల్లిని తీసుకెళ్ళమనగానే అత్తకి ఒక ఆలోచన తళుక్కుమంది. మరదలు కడుపుతో ఉన్నప్పుడు తాగింది. ఆ సంగతి ఆవిడ నోటితోనే డాక్టరు ముందు చెప్పిస్తే? ఇక ఏ పెద్దమనిషీ పిల్లని ఆ తల్లికిమ్మని అనడు. తూనీగ తన దగ్గరే ఉంటుంది, ఆదివారాల పీడ వదులుతుంది. అత్త జన్మలో మొదటిసారి మరదలికి తనే కబురు చేసింది.

డాక్టరమ్మ వయసు మళ్ళిన మనిషి. ఆ రోజు పడిశం పట్టి మాటిమాటికీ చేతిగుడ్డలో చీదుతోంది. అత్తకి ఆ గుడ్డ మురికే ముందు కనిపించింది. డాక్టరమ్మ పిల్ల మొహాన్ని, ముక్కు కింది నున్నటి చోటుని, సన్నటి పెదవిని చాలాసేపు చూసింది. పాత స్కూలు కాగితాలు తిరగేసింది. తర్వాత ఒక చిన్న కథ చెప్పింది. ఒక కుక్కకి చెప్పు దొరికింది, దాన్ని చెప్పులు కుట్టేవాడికి తీసుకెళ్ళి ఇచ్చింది, అతను రెండో చెప్పు కుట్టాడు. తూనీగ వెంటనే ముద్దుగా తిరిగి చెప్పింది.

"చూశారా? కావాలంటే అన్నీ వస్తాయి దీనికి" అంది అత్త.

డాక్టరమ్మ పిల్లచేత కాసేపు బొమ్మలు పెట్టించి, లెక్కలు చేయించి, మళ్ళీ అడిగింది. "ఇందాకటి కథలో కుక్క ఏం చేసిందమ్మా?"

"కుక్కకి పోలీసాయన బిస్కెట్టిచ్చాడు. రెండు ఇచ్చాడు" అంది తూనీగ సంతోషంగా.

"అదిగో! అబద్ధాల పుట్ట!"

"ఆగండి" అని డాక్టరమ్మ పిల్లని నర్సుతో బయటికి పంపి, తల్లి వైపు తిరిగింది. "కడుపుతో ఉన్నప్పుడు ఏమైనా మందులు వాడారా? జబ్బు చేసిందా?"

అత్త ఈ ఘడియ కోసమే కూర్చుంది. "తాగింది! అడగండి దాన్ని, కాదనమనండి!"

మరదలు కాదనలేదు. "తాగానండి. మొదటి నెలల నుంచీ. ఇంచుమించు రోజూ."

అత్తకి కడుపు నిండినట్టయింది. కానీ డాక్టరమ్మ, అత్త అనుకున్నట్టు మరదలి మీద విరుచుకుపడలేదు. చేతిగుడ్డ మడిచి పక్కన పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. తల్లి తాగిన మందు కడుపులో బిడ్డకీ చేరుతుంది. మెదడు తయారయ్యే రోజుల్లో అది తగిలితే ఆ దెబ్బ పుట్టాక కూడా ఉండిపోతుంది. అందరు పిల్లలకీ ఒకే రకంగా తగలదు. ఈ పిల్లకి జ్ఞాపకం మీద తగిలినట్టుంది. విన్నది ఒకరోజు నిలుస్తుంది, ఒకరోజు జారిపోతుంది. దానిమీద పిల్లకి అదుపు లేదు.

"మరి ఆ అబద్ధాలు?"

"అవి అబద్ధాలు కావండి. జ్ఞాపకంలో ఖాళీ ఉంటే మెదడు దొరికిందేదో తెచ్చి దాన్ని పూడుస్తుంది. తను చెప్పేది నిజమనే అనుకుంటుంది. మీరు కొడితే, చెయ్యని తప్పుకి కొట్టారనే అనుకుంటుంది. మరిచిపోయినందుకు ఈ పిల్లని కొట్టడమంటే, కుంటుతోందని కుంటివాణ్ణి కొట్టడమే."

అత్త కొట్టిన చేతిని కొంగు కిందికి లాక్కుంది.

"మందులతో తగ్గేది కాదిది" అంది డాక్టరమ్మ. "కానీ ఒకే ఇల్లు, ఒకే పద్ధతి ఉండాలి. ఒక్కోసారి ఒక్కో మాటే చెప్పండి. చూడగానే తెలిసే గుర్తులు పెట్టండి, బొమ్మలు పెట్టండి. తప్పు చెబితే అబద్ధమని అరవకుండా, నిజమేదో మెల్లగా చెప్పండి. ఎన్నిసార్లయినా సరే."

బాయిలరు కింద మండిన అట్టముక్కలు అత్త కళ్ళముందు ఒక్కొక్కటీ తిరిగాయి. బ్రష్షు, దువ్వెన, సంచీ, బూట్లు.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటూ మరదల్ని అడిగింది. "ఇంట్లో ఎవరూ వద్దనలేదామ్మా? లేకపోతే ఎవరైనా బలవంతం చేశారా?"

చీటీ లేకుండా ఊరందరి బట్టలూ గుర్తుపెట్టుకునే మనిషికి ఇది గుర్తుండదా? అంతా ఉంది. తమ్ముడు బార్లో తాగి రోడ్డు మీద పడిపోతున్నాడని, ఇంట్లోనే తాగమని బతిమాలింది తనే. ఒక్కణ్ణే తాగనని వాడు మొరాయించాడు. అప్పటికే మరదలికి నెల తప్పింది. ఆకుపచ్చ నైటీ వేసుకుంది. ఎడమ చేతి మీద ఇస్త్రీ పెట్టె కాల్చిన మచ్చ ఉంది, ఆ మచ్చ పెట్టింది కూడా తనే. "వికారంగా ఉంది వదినా, నాకొద్దు" అంది. నీలం పువ్వులున్న గాజుగ్లాసు తనే నింపి, తనే ఆవిడ ముందుకి జరిపింది. "పోనీలే, ఒక్క గ్లాసుకి ఏమవుతుంది? వాడు ఇంటిపట్టున ఉంటాడు" అంది. అలాంటి సాయంత్రాలు ఎన్నో గడిచాయి. ఇన్నేళ్ళలో ఆ గ్లాసుని ఆవిడ ఎప్పుడూ మరిచిపోలేదు. దాన్నీ తూనీగనీ పక్కపక్కన పెట్టి చూడలేదంతే.

ఇప్పుడు మరదలు వేలెత్తి చూపిస్తే చాలు. అత్త తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయింది.

మరదలు నేల చూసుకుంటూ అంది. "గ్లాసు ఎత్తింది నేనే కదండీ."

ఆస్పత్రి మెట్లు దిగుతుండగానే అత్త విరుచుకుపడింది. తూనీగ నాలుగు మెట్లు ముందు గెంతుకుంటూ పోతోంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి వదినా?"

"నా సంగతి! నీకు తెలుసు, నాకు తెలుసు. నా ముందు మంచితనం ఒలకబొయ్యకు, నాకు కంపరం పుడుతోంది."

"నీ సంగతి చెబితే దానికి జ్ఞాపకం వస్తుందా?" మరదలి గొంతు మొదటిసారి లేచింది. "వచ్చేట్టయితే ఊరంతా డప్పేసి చెప్పేదాన్ని. నీ మీద జాలిపడి ఊరుకున్నాననుకోకు. నువ్వంటే నాకు అసహ్యం. నేనంటే నాకు ఇంకా ఎక్కువ అసహ్యం. ఆ రెంటితో దానికి బూట్లు కట్టుకోవడం రాదు."

బస్సులో ఇద్దరూ చెరో కిటికీ చూస్తూ కూర్చున్నారు, పిల్ల ఇద్దరి మధ్యా నిద్రపోయింది.

ఆ వారమంతా వీధికి వినోదమే. లాండ్రీ అత్త సబ్బుపెట్టెల అట్టలు కత్తిరిస్తోంది! అట్టల మీద బొమ్మలు వేస్తోంది! వేసిన బొమ్మలు వెలగబెట్టినట్టే ఉన్నాయి. బూటు వేస్తే చేప వచ్చింది, దువ్వెన వేస్తే రంపం వచ్చింది. పక్కవీధి లాండ్రీవాడు పనిగట్టుకుని వచ్చి, "ఏమత్తా, చీటీల కొట్టు పెట్టావా?" అన్నాడు.

"నీ మూతికి కూడా ఒకటి గుచ్చుతా, దగ్గరికి రా" అంది అత్త, పళ్ళ మధ్య పిన్నీసు పట్టుకునే.

అద్భుతాలేమీ జరగలేదు. చేప బొమ్మ చూసి తూనీగ బూట్లు వేసుకున్న రోజులున్నాయి, చేపని చూసి నవ్వుకుని వట్టికాళ్ళతో బయల్దేరిన రోజులూ ఉన్నాయి. కానీ గోడకేసి నిలబెట్టడం ఆగింది. అత్త రోజుకి నలభైసార్లు నాలుక కరుచుకునేది. ఒకే మాట మళ్ళీ చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో కోపం బుసకొట్టేది, చెయ్యి మాత్రం కౌంటరు చెక్కని పట్టుకుని ఉండేది. అలా ఉండటం ఆవిడకి ఎంత కష్టమైందంటే, మూటలు ఉతికినప్పుడు కూడా అంత అలిసిపోలేదు. డాక్టరమ్మ చెప్పిన ఒకే ఇల్లు ఏది కావాలో కూడా ఆ వారంలోనే తేలిపోయింది. మరదలి గదికి ఒకసారి చెప్పకుండా వెళ్ళి చూసింది. తలుపు మీద, అలమర మీద, నీళ్ళ కుళాయి మీద, అన్నింటి మీదా బొమ్మలున్నాయి. పిల్ల రాకముందే గది పిల్ల కోసం ఎదురుచూస్తోంది. అత్త లోపలికి అడుగుపెట్టకుండానే వెనక్కి వచ్చింది.

ఆదివారం మరదలు వచ్చి, అలవాటు ప్రకారం కౌంటరుకి ఇవతలే నిలబడింది.

"అక్కడ నిలబడతావేం, గిరాకీలకి అడ్డం. లోపలికి రా" అంది అత్త. ముందుగానే సర్దిన సంచీ బల్ల మీద పెట్టింది. "పిల్లని తీసుకుపో. బడి అయ్యాక మాత్రం ఇక్కడికి రావాలి, నువ్వు బేకరీ నుంచి వచ్చేదాకా. అది నేను బతిమాలడం లేదు, చెబుతున్నాను."

మరదలు కౌంటరు దాటి లోపలికి వచ్చింది. సంచీ మీద చెయ్యి వేసింది. తూనీగ పరుగెత్తుకొచ్చి తల్లి నడుం పట్టుకుంది.

"అమ్మా, నీకు తెలుసా? నల్లకోటు పోయిన రోజు పోలీసాయన నన్ను ఈ చెంప మీద కొట్టాడు! అత్త అడ్డంపడింది. నా పిల్లని ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానంది. అప్పుడు ఆయన పారిపోయాడు."

పిల్ల కళ్ళు మెరుస్తున్నాయి. అత్తని చూసి గర్వంగా నవ్వుతోంది. ఆ కథలో ఉన్న మనిషిలా ఉంటే ఎంత బాగుండేదో ఆవిడకి తెలిసింది. ఊరుకుంటే సరిపోయేది, పిల్ల సంతోషంగా వెళ్ళిపోయేది.

"కాదే" అంది అత్త. "పోలీసు రాలేదు. కొట్టింది నేను."

తూనీగ తల అడ్డంగా ఊపింది. "నువ్వు కొట్టవుగా!"

"కొట్టాను. కోటు కనబడలేదని కొట్టాను. నీ తప్పేం లేదు."

మరదలు మెల్లగా అంది. "పోనీలే వదినా. దానికి గుర్తులేదు కదా."

"పోనీలే అనకు!" అత్త అరుపుకి హ్యాంగర్ల కింది పిల్లి బయటికి దూకింది. "ఆ మాట నా ఎదట ఎప్పుడూ అనకు. గ్లాసు నీ ముందు పెట్టి నేనన్నది ఆ మాటే. దానికి గుర్తులేకపోతే నాకుంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో ప్రేమేమీ లేదు. అత్త పిన్నీసు తీసి, పిల్ల స్కూలు సంచీ పట్టీకి చివరి అట్టముక్క గుచ్చింది.

"ఇదేంటి అత్తా, పడవా?"

"ఇస్త్రీ పెట్టె. అంటే నేను. బడి అవ్వగానే ఇది చూసుకుని ఇక్కడికి రా."

"సరే" అని తూనీగ తల్లి చెయ్యి పట్టుకుని వీధిలోకి దూకింది. మలుపు తిరిగేదాకా ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. పోలీసాయన ఎలా కొట్టాడో, అత్త ఎలా అడ్డంపడిందో తల్లికి మళ్ళీ మొదటినుంచీ చెబుతోంది. రేపు బడి నుంచి వచ్చి కూడా అదే చెబుతుంది. కొట్టింది తనేనని అత్త రేపు మళ్ళీ చెప్పాలి.